హారన్ కొడితే ఆగే కారు

మీ బండి నడిరోడ్డు మీద ఆగిపోతే మీరు ముందు తెరిచేది బానెట్టా, పంచాంగమా? నవ్వకండి. జవాబు నాకు చెప్పనక్కర్లేదు, మీకు మీరు చెప్పుకుంటే చాలు. బానెట్టే అంటారా? మరి మీ కారు ముందు వేలాడే నిమ్మకాయ, మిరపకాయలు దేనికి? రేడియేటరుకు చలవ చేస్తాయనా?

ఈమధ్య హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా ఒక పాత డీజిల్ కారులో వెళ్లాను. బస్సెక్కితే ఒక పూటలో తేలిపోయే దూరం. నాకు రెండు రోజులు పట్టింది. దారిలో రెండుసార్లు కారు తోశాను, ఒక చెప్పు తెంపుకున్నాను. అయినా తిట్టడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు, మెచ్చుకోవడానికే రాస్తున్నాను. మెచ్చుకోవడం నాకు అంత తేలిగ్గా రాదని నా వ్యాసాలు చదివినవాళ్లకు తెలుసు.

హిందూపురం

మూఢనమ్మకాల మీద మాట్లాడమని మిత్రులు పిలిస్తే వెళ్లాను. సభ బాగా జరిగింది. చప్పట్లు కొట్టిన చేతుల్లో చాలావాటికి ఎర్రదారాలు ఉన్నాయి, అది నాకు అలవాటే. ఊరు మాత్రం నచ్చింది. మార్కెట్ వైపు గాలి తిరిగితే చింతపండు వాసనకు నోరూరుతుంది. కొట్లో మనిషి మాట తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తాడు, చిల్లర చేతిలో పెట్టి దుడ్లు చూసుకోమంటాడు. పొద్దున టిఫినుకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. మా గుంటూరు వైపు మరమరాలంటే పిల్లల చిరుతిండి. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నీళ్లలో తడిపి పిండి, తాలింపులో వేసి, పుట్నాలపొడి చల్లి పెద్దవాళ్లకు వడ్డిస్తారు. ప్లేటు నలభై రూపాయలు. రెండో ప్లేటు నేనే అడిగి పెట్టించుకున్నాను.

ధర్మవరంలో రైలెక్కాలి, దారిలో పెనుకొండ కోట చూడాలి. కారు కోసం టాక్సీ స్టాండుకు వెళితే ఒక డ్రైవరు నా మేలు కోరి హెచ్చరించాడు.

"యా బండైనా ఎక్కు సారూ, లక్ష్మీదేవి బండి మాత్రం వద్దు. పెనుకొండకు ముందర గుట్టకాడ ఆంజనేయస్వామి ఉండాడు. ఆయప్ప ఆ బండిని దాటనీడు. పోయినప్పుడల్లా ఆడ సచ్చిపోతాది. తోలే ఆయమ్మకు మొగుడు కూడా లేడు."

ఆ చివరి మాటను కూడా అతను ఇంజన్ సంగతి చెప్పినట్టే చెప్పాడు. వెంటనే నాకు ఆ బండే కావాలన్నాను. ఫలానా కారుకు శని పట్టిందని ఎవరన్నా అంటే నాకది పెళ్లి పిలుపుతో సమానం.

మర్నాడు పొద్దున లాడ్జి మెట్ల మీద నిలబడి ఉన్నాను. వీధి మొదట్లో తెల్లటి పాత కారు ఒకటి వెనక్కి రావడం కనిపించింది. దారి తప్పి తిరిగి పోతోందనుకున్నాను. కాదు. కూరగాయల బండ్లను, రోడ్డు మీద నిద్రపోతున్న కుక్కను తప్పించుకుంటూ వీధి పొడవునా రివర్సు గేరులోనే వచ్చి, నాకు వీపు చూపించి ఆగింది. స్టీరింగ్ దగ్గర ముప్పై అయిదేళ్ల మనిషి, మెడ ఇంకా వెనక్కి తిప్పే ఉంది. ఆమే లక్ష్మీదేవి.

ముందు గేర్లు పడవా అని అడిగాను.

"పడతాయి సారూ. పొద్దున్నే నేను ఎదురొస్తే బాడుగ పార్టీలకు బాగుండదు. ఈపు చూపించి వస్తే ఎదురొచ్చినట్టు కాదంట."

మా వైపు మంచి పనికి బయల్దేరేవాళ్లకు ఎదురు పడకుండా, భర్త పోయిన స్త్రీ తలుపు చాటుకు తప్పుకుంటుంది. ఈ స్త్రీ పనిలోకి వచ్చింది, లైసెన్సు తెచ్చుకుంది, హైవే మీద లారీలను దాటుతుంది. అయినా ఆ తలుపు చాటును కారుతో పాటు వీధి వీధికీ మోసుకు తిరగాల్సి వస్తోంది. కోపంతో కారు చుట్టూ తిరిగి చూశాను. ఇన్ని సందుల్లో వెనక్కి తోలినా ఎక్కడా ఒక గీత లేదు. ఆ పనితనానికి మాత్రం చేతులెత్తి మొక్కబుద్ధయింది.

వెనక సీట్లో ఆమె అత్త ఓబులమ్మ కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి, ఒళ్లో పెద్ద నిమ్మకాయ. కారు ఆమె కొడుకు శివయ్యది. కొన్న కొన్నాళ్లకే అతనికి కామెర్లు వచ్చాయి. పసరు పోయించడానికి ఇదే కారులో ఊళ్లు తిరిగారు. ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమైపోయింది. అతను పోయాక లక్ష్మీదేవి డ్రైవింగ్ నేర్చుకుని, పల్లెల నుంచి రోగులను, నెలలు నిండిన ఆడవాళ్లను హిందూపురం ఆస్పత్రులకు చేర్చడం మొదలుపెట్టింది.

"పసరు కాడికి తోలిన బండి సారూ ఇది. ఇంగ ఆస్పత్రి కాడికే తోలల్లనుకుంటి" అంది.

తర్వాత కారు మొరాయించసాగింది. ఎక్కేవాళ్లు తగ్గారు. రెండు బ్యాటరీలు మార్చినా లాభం లేకపోయింది. చివరకు ధర్మవరంలో ఉన్న ఓబులమ్మ తమ్ముడు, పాత ఇనుము కింద బండ్లు కొనే ఆసామిని మాట్లాడిపెట్టాడు. ఆ కారుకు నేనే ఆఖరి బాడుగ. నన్ను దించాక కారును అక్కడే అప్పగించి అత్తాకోడళ్లు బస్సులో వెనక్కి రావాలి.

"నా కొడుకును మింగింది. కోడలిని కూడా మింగేదాకా ఇంట్లో పెట్టుకోవల్లనా?" అంది ఓబులమ్మ. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది.

అయితే కోడలు అత్త దగ్గర ఒక మాట తీసుకుంది. బయల్దేరే ముందు బండిని పూర్తిగా సర్వీసు చేయిస్తుంది. గుట్ట దగ్గర స్వామి ముందు ఆపి, చేయాల్సిన మర్యాద చేసినా ఇంజన్ ఆరిపోకుండా ఉంటే బండిని అమ్మకూడదు. ఆరిపోతే మాత్రం లక్ష్మీదేవి ఇక నోరెత్తకూడదు. అంటే ఆ రోజు ఆమె బతుకుదెరువు అంతా ఆ గుట్ట దగ్గర తేలాలి.

షెడ్డులో ఒక పూట

హిందూపురం షెడ్డులో మధ్యాహ్నం దాకా ఉన్నాం. ఊళ్లు తిరిగేవాళ్లు గుళ్లు, గోపురాలు చూసి వస్తారు. నన్నడిగితే ప్రతి ఊళ్లో ఒక పూట మెకానిక్ షెడ్డులో కూర్చోవాలి. మనిషి చేతికి నల్లగా అంటిన నూనె కన్నా నిజాయితీ గల బొట్టు నేను చూడలేదు.

ఇంజన్ ఆయిలు దించితే తారులా కారింది. డీజిల్ ఫిల్టరు అడుగున ఉన్న మర తిప్పితే ముందు నీళ్లు వచ్చాయి, తర్వాతే డీజిల్ వచ్చింది. ఎయిర్ ఫిల్టరును నేలకేసి తడితే ఎర్రమట్టి దుమ్ము లేచి అందరం తుమ్మాం. బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి పురావస్తు తవ్వకమే అయింది. ఎండిన నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, వాటి కింద, తీగలు బిగించే టెర్మినల్స్ మీద తెల్లగా పచ్చగా పేరుకున్న చిలుము. ఏటా ఆయుధపూజకు బ్యాటరీకి కూడా బొట్టు పెట్టారట. మెకానిక్ వంట సోడా కలిపిన వేడినీళ్లు పోస్తే అది బుసబుసా పొంగి కొట్టుకుపోయింది. లోహం తేలాక వ్యాజిలిన్ రాసి బిగించాడు. బ్యాటరీని ఛార్జింగుకు పెట్టాడు. ఆఖరున, బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ వేగాన్ని సరిచేసే ఐడ్లింగ్ స్క్రూ కొంచెం తిప్పాడు. అంతవరకు చలిజ్వరం వచ్చినట్టు వణికిన ఇంజన్ కుదురుగా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

బానెట్ కింద కూడా తెల్లటి రంగు మెరుస్తోంది. ఇంత శ్రద్ధగా లోపలిదాకా రంగు వేయించిన పాత కారును నేను చూడలేదని మెచ్చుకున్నాను. ఓబులమ్మ మొదటిసారి నవ్వింది, తానే దగ్గరుండి వేయించానంది.

జబ్బంతా డీజిల్లో కలిసిన నీళ్లదేనని, అది కాస్తా వదిలిందని అందరి ముందూ నేనే తీర్పు చెప్పాను. లక్ష్మీదేవి మెకానిక్ చేతికి డబ్బిచ్చి, చున్నీ కొసతో స్టీరింగు తుడుచుకుంది.

గుట్ట మలుపు

హైవే మీద కారు హాయిగా సాగింది. రెండు వైపులా చెనిక్కాయ చేలు, అంటే మా వేరుశెనగే, మధ్య మధ్య ఎవరో ఆడుకుని వదిలేసినట్టు గుండ్రాళ్ల గుట్టలు. పెనుకొండ కొండ దూరంగా కనిపించసాగింది. కొత్త కార్లు పుట్టే పెద్ద ఫ్యాక్టరీ కూడా ఈ దగ్గర్లోనే ఉందని, ఆ కార్లకూ తన చేతిలో ఉన్న లాంటి నిమ్మకాయే కడతారని ఓబులమ్మ నాకు గుచ్చి చెప్పింది.

గుట్ట మలుపులో అరుగులాంటి ఒక కట్ట, కట్ట మీద సిందూరం పూసిన రాయి. ఇక్కడి ఆచారం చూడముచ్చటగా ఉంది. బండి దిగరు. ఇంజన్ ఆపరు. రోడ్డు పక్కకు తీసి, స్వామికి ఎదురుగా నిలబెట్టి, గట్టిగా హారన్ కొడతారు. ఒక చేత్తో డ్యాష్‌బోర్డు ముట్టి కళ్లకద్దుకుని కదులుతారు. మా వైపు దేవుడికి గంట కొడితే ఈ వైపు డ్రైవర్లు హారన్ కొడతారు. మా ముందున్న లారీ కొట్టిన హారన్‌కు నా చెవులు గళ్లు పడ్డాయి.

మా వంతు వచ్చింది. ఇంజన్ కుదురుగా కొట్టుకుంటోంది. లక్ష్మీదేవి ఒకసారి అత్త వైపు చూసి హారన్ నొక్కింది. హారన్ మోత మొదలైంది, ఇంజన్ రెండుసార్లు ఎగిరిపడి ఆగిపోయింది. తాళం తిప్పితే స్టార్టరు బరువు మోస్తున్నట్టు మూలిగి ఊరుకుంది.

లక్ష్మీదేవి రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. ఓబులమ్మకు గెలిచిన సంతోషం ఏమీ లేదు. దిగి కోడలి వైపు తలుపు తీసి, "దిగమ్మా, తోద్దాం" అంది మెత్తగా.

గొర్రెలు కాస్తున్న ఒకాయన వచ్చి చేయి వేశాడు. ముసలావిడను రోడ్డు పక్కన కూర్చోబెట్టి మేమిద్దరం తోశాం, లక్ష్మీదేవి గేరు వేసి క్లచ్ వదిలింది. ఆ తోపుడులోనే నా చెప్పు తెగింది. ఇంజన్ అందుకుంది. రొప్పుతూ వచ్చి కూర్చున్నాను.

"ఏమప్పా, దారి పొడవునా దేవుడు లేడంటివి. మరి తోసేటప్పుడు దేవుడా దేవుడా అని మూలిగితివే?" అంది ఓబులమ్మ.

గొర్రెలాయన పగలబడి నవ్వాడు. అది నోటి అలవాటని చెప్పుకున్నాను. తన నిమ్మకాయ కూడా చేతి అలవాటేననుకోమంది.

కొంత దూరం పోయాక లక్ష్మీదేవి ఉన్నట్టుండి కారు పక్కకు తీసింది. ఒకవైపు చెనిక్కాయ చేను, ఇంకోవైపు బీడు. గుడి లేదు, రాయి లేదు, మనిషి లేడు. ఇంజన్ నడుస్తుండగానే కారు నిలబెట్టి హారన్ కొట్టింది. ఇంజన్ ఎగిరిపడి ఆగిపోయింది.

"సూడత్తా" అంది. "ఈడ స్వామి లేడు. అయినా సచ్చిపోయింది. నడిచేటప్పుడు కొడితే ఏమీ కాదు. నిలబడి కొడితేనే సచ్చిపోతాది. మనం నిలబడి కొట్టేది గుట్టకాడ ఒక్కచోటే కదా."

నేను నా సీట్లోంచి లేచి నిలబడబోయి తల పైకప్పుకు కొట్టుకున్నాను. నేను సభల్లో గొంతు చించుకుని చెప్పేది ఈమె ఒక్క హారన్‌తో చేసి చూపించింది. షెడ్డులో దేవుడు లేడు కనుక అక్కడ ఎవరూ హారన్ కొట్టలేదు, జబ్బు బయటపడలేదు. గుట్ట దగ్గర అందరూ కొడతారు కనుక అక్కడే బయటపడింది. ఇంత చిన్న సంగతి.

ఓబులమ్మ చాలాసేపు చేను వైపు చూసింది. స్వామికి ఇంత దూరం కనపడదా అని మొదట అంది. తర్వాత ఆమెకే ఆ మాట నచ్చినట్టు లేదు. పెనుకొండలో గంగాధర అని కరెంటు పని చేసేవాడున్నాడని, వాడికి చూపించి రేపు మళ్లీ గుట్టకు వద్దామని, అదే ఆఖరని చెప్పింది. ఈసారి కారు తోయడానికి గొర్రెలాయన లేడు. ఓబులమ్మే కొంగు బిగించి నా పక్కన చేయి వేసింది.

పెనుకొండ

ఆ రాత్రి వాళ్లు బంధువుల ఇంట్లో, నేను లాడ్జిలో ఉన్నాం. సాయంత్రం వెలుతురుండగా కోట గోడల వైపు నడిచాను. సిమెంటు లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చున్న రాళ్లు. వాటిని నిలబెట్టింది మంత్రం కాదు, బరువు ఎటు దిగుతుందో తెలిసిన తాపీమేస్త్రి. రాత్రి లక్ష్మీదేవి క్యారియరు పంపింది: రాగి సంగటి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి. వరి అన్నం మెతుకులకు అలవాటైన నా వేళ్లకు ఆ ముద్దను నమలకుండా మింగడం చేతకాలేదు. నమిలాను. రుచికి తక్కువేమీ కాలేదు.

పొద్దున గంగాధర షాపుకు వెళ్లాం. నుదుటి నిండా విభూతి, గోడ నిండా దేవుళ్లు, ప్రతి దేవుడి చుట్టూ రంగు బల్బులు, అన్నీ అతని చేతి పనే. మాట పెద్దది. ఈ తాలూకాలో తాను సరిచేయలేని బండి ఇంకా పుట్టలేదని ముందే చెప్పాడు. ఆల్టర్నేటరే చెడిందని, అంటే ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు తయారుచేసే భాగం పాడైందని మీటరు పెట్టకముందే తేల్చాడు. మీటరు పెట్టాక తన మాట తానే కొట్టేశాడు. ఆ గుణానికి నేను అతని విభూతిని క్షమించాను.

ఆల్టర్నేటరు దగ్గర కరెంటు నిండుగా ఉంది. బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి తగ్గిపోతోంది.

"ఈడ పుట్టింది ఆడికి చేరలేదు. నడమ ఎవరో తింటాండారు" అన్నాడు.

యాక్సిలరేటర్ కేబులు చూపించాడు. దాని పైతొడుగు కాలి నల్లబడి ఉంది. ఇంజన్‌ను, కారు బాడీని కలుపుతూ ఒక అల్లిక పట్టీ ఉంటుంది, దాన్ని ఎర్త్ పట్టీ అంటారు. కరెంటు తిరిగి వచ్చే రాజమార్గం అది. ఆ దారి మూసుకుపోతే కరెంటు దొడ్డిదారి వెతుక్కుంటుంది, ఈ కారులో పాపం యాక్సిలరేటర్ తీగను పట్టుకుంది. గంగాధర ఒక లావు వైరు తీసి, ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు, ఇంకో కొస ఇంజన్ ఇనుముకు తగిలించాడు. తాళం తిప్పగానే ఇంజన్ మూలగకుండా అందుకుంది. హారన్ కొట్టాడు. ఇంజన్ చలించలేదు. వైరు తీసి కొట్టాడు. ఆగిపోయింది. మళ్లీ తగిలించమన్నాను, మళ్లీ తీయమన్నాను. నా ఉత్సాహం చూసి నేనేదో పూజ చేయిస్తున్నానని షాపు ముందు జనం చేరారు.

ఇంజన్‌కు, హారన్‌కు సంబంధమేమిటని ఓబులమ్మ అడిగింది. గంగాధర విడమరిచి చెప్పాడు. ఈ పాత డీజిల్ బండ్లలో పంపు మీద ఒక చిన్న మీట ఉంటుంది. కరెంటు అందినంతసేపే అది తెరుచుకుని డీజిల్‌ను లోపలికి వదులుతుంది. ఇంజన్ నెమ్మదిగా కొట్టుకునేటప్పుడు అసలే కరెంటు తక్కువ. దానికి తోడు దారి మూసుకుపోయింది. ఉన్న కాస్తా హారన్ లాక్కుంటే ఆ మీట మూతపడుతుంది, ఇంజన్‌కు డీజిల్ అందదు. వేగంగా పోయేటప్పుడు కరెంటు ఎక్కువ పుడుతుంది కనుక హారన్ ఎంత కొట్టినా ఫరవాలేదు.

"మరి ఈ పట్టీకి ఏమొచ్చింది? ఎప్పటినుంచి ఇట్లా ఉంది?" అని నేను అడిగాను.

లక్ష్మీదేవి అత్త వైపు చూసింది. ఓబులమ్మే నోరు తెరిచింది.

"రంగు ఏపించినాకనే."

శివయ్య పోయాక జ్యోతిష్యుడి దగ్గరికి వెళితే, కారు పాత రంగే కొంప ముంచిందని, తెలుపు వేయిస్తే దోషం పోతుందని చెప్పాడట. పాత రంగు మచ్చయినా మిగలకూడదన్నాడట. ఓబులమ్మ పెయింటరు దగ్గర కూర్చుని, బానెట్ లోపల, బోల్టుల కింద కూడా వేయించింది. పెయింటరు ఆ పట్టీని విప్పి, దాని కింద ఇనుము మీద కూడా దట్టంగా రంగు కొట్టి, ఆరాక రంగు మీదే బిగించాడు. రంగు గుండా కరెంటు పోదు. నిన్న నేను మెచ్చుకున్న శ్రద్ధ అదే.

దోషం పోవడానికి చేసినదే దోషం తెచ్చింది. కారు ఆగినకొద్దీ నిమ్మకాయలు పెంచారు, నిమ్మకాయలు పెరిగినకొద్దీ బ్యాటరీ చచ్చింది. ఇన్నాళ్లలో ఒక్కరూ రంగును అనుమానించలేదు. మనం రోగాన్ని అనుమానిస్తాం, కారును అనుమానిస్తాం, మొగుడు పోయిన ఆడదాన్ని అనుమానిస్తాం. పరిహారాన్ని మాత్రం అనుమానించం. ఈ దేశంలో అన్నిటికన్నా భద్రంగా బతుకుతున్నది పరిహారమే.

గంగాధర పట్టీ విప్పి ఉప్పుకాగితం పెట్టి రుద్దాడు. తెల్లరంగు పొడిగా రాలింది. దాని కింద ఆకుపచ్చ తేలింది, రూపాయి బిళ్లంత. ఇంకా రుద్దబోతుంటే ఓబులమ్మ అతని చేయి పట్టుకుంది.

"ఉండబ్బా" అంది. వంగి ఆ ఆకుపచ్చ మీద వేలు పెట్టింది. "నా కొడుకు ఏరుకున్న రంగు."

కాసేపటికి ఆమే వేలు తీసి, "రుద్దు. ఇనుము కనపడాల్ల కదా, రుద్దు" అంది. బోల్టు కూర్చునేంత మేర ఇనుము మెరిసింది. దాని చుట్టూ సన్నటి ఆకుపచ్చ వలయం మిగిలింది. గంగాధర దాన్ని అలాగే వదిలేసి పట్టీ బిగించాడు.

ఇంత తెలిసినవాడివి గోడ నిండా ఆ పటాలేమిటని నేను అతనితో వాదనకు దిగాను. అతను తగ్గలేదు.

"దేవుడు దేవుడే, ఎర్త్ ఎర్తే సారూ. దాని పని దాంతో, దీని పని దీంతో. కలిపితేనే కాలిపోతాది" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. కానీ ఆ ఊళ్లో అంతకన్నా మంచి ప్రత్యర్థి నాకు దొరికి ఉండడు.

మళ్లీ గుట్ట

ధర్మవరం ఒక వైపైతే మేము రెండో వైపు, వెనక్కి, గుట్టకు వెళ్లాం. మాట మాటే. లక్ష్మీదేవి కట్ట ముందు కారు నిలబెట్టింది. నేను గంగాధరను నమ్మాను, మీటరును నమ్మాను, అయినా దిగి తోయడానికి సిద్ధంగా తలుపు పిడి మీద చేయి వేసి ఉంచాను. ఆమె హారన్ మీద చేయి వేసేలోగా ఓబులమ్మ వెనక సీట్లోంచి ముందుకు వంగి, కోడలి భుజం మీదుగా తన చేయి చాపి తానే నొక్కింది. తీయలేదు. వెనక నిలిచిన లారీ డ్రైవరు తల బయటపెట్టి చూశాడు. హారన్ మోగుతూనే ఉంది. ఇంజన్ కొట్టుకుంటూనే ఉంది.

చేయి తీశాక ఓబులమ్మ వెనక్కి ఆనుకుంది.

"ఆయప్పకు మా బండి ఆపే పని యాడుండాది" అంది. "మేమే ఆపుకుంటిమి."

లక్ష్మీదేవి కారును ధర్మవరం వైపు తిప్పింది.

ధర్మవరం

ఓబులమ్మ తమ్ముడిది నేత ఇల్లు. సందులోకి తిరగగానే మగ్గాల చప్పుడు వినిపించింది. పాత ఇనుము ఆసామి అరుగు మీద కూర్చుని మా కోసం చూస్తున్నాడు. ఓబులమ్మ అతనికి మజ్జిగ ఇప్పించి, బండి బాగుందని, ఇనుము కావాలంటే వేరే చోట చూసుకోమని చెప్పి పంపేసింది. తమ్ముడు మగ్గం దగ్గర కూర్చునే నసిగాడు. మాట ఇచ్చానన్నాడు, పైగా వారం తిరక్కుండా బండి మళ్లీ ఆగుతుందన్నాడు.

ఆయన మాట్లాడుతుండగానే మగ్గం మీద పోగు తెగింది. కాసేపు వెతికి, తెగిన కొసను పట్టుకుని, వేళ్లతో ముడేసి మళ్లీ కూర్చున్నాడు.

"పోగు తెగితే నువ్వు మగ్గాన్నే అమ్మేస్తావా?" అని అక్క అడిగింది.

మర్నాడు పొద్దున నాకు చిత్రాన్నం పెట్టారు. మా పులిహోరకు దూరపు చుట్టం, పులుపు మాత్రం నిమ్మకాయది. నిమ్మరసం బాగా తగిలిందని అంటే, రెండు రోజులు ఒళ్లో పెట్టుకుని తిరిగిన నిమ్మకాయే అదని ఓబులమ్మ చెప్పింది. ఊరికే ఎండబెట్టడం దేనికంది.

ఆ రోజే తమ్ముడు, నెలలు పట్టి నేసిన పెళ్లి పట్టుచీరను షావుకారుకు అప్పగించాలి. నేత ఇంట్లో అంతకు మించిన మంచి పని లేదు. చీర మడత గుడ్డలో చుట్టి భుజాన పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఆయనను బజారులో దింపి, నన్ను స్టేషనులో దింపాలి. సందు చివర ఉన్న కారు కదిలింది. అలవాటు ప్రకారం లక్ష్మీదేవి మెడ వెనక్కి తిప్పి, రివర్సులో, వీపు చూపిస్తూ వస్తోంది.

ఓబులమ్మ గబగబా ఎదురు నడిచి కారు వెనక డిక్కీ మీద అరచేత్తో చరిచింది.

"ఈపు ఎవురికి చూపిస్తాండావే? తిప్పుకోని రా. ఎదురు రా. హారన్ కొట్టుకుంటా రా."

అరుగుల మీది ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. తమ్ముడు చీరను భుజం మార్చుకున్నాడు. లోపలికి పోదామా అన్నట్టు ఒక కాలు వెనక్కి వేశాడు. అక్క అతని వైపు చూసింది. ఆ కాలు మళ్లీ ముందుకు వచ్చింది. కారు సందు దాటి పోయింది. చుట్టు తిరిగి వచ్చేంతసేపు మగ్గాల చప్పుడు కూడా తగ్గినట్టు అనిపించింది నాకు. తర్వాత హారన్ వినిపించింది. మలుపులో కారు ముఖం కనిపించింది, అద్దం వెనక లక్ష్మీదేవి ముఖం. ఆమె నేరుగా మమ్మల్ని చూస్తూ, హారన్ కొట్టుకుంటూ వచ్చి, పట్టుచీర ముందు ఆగింది. ఇంజన్ కొట్టుకుంటూనే ఉంది.

నేను చూసింది ఇదే. చదివి మెచ్చుకుని పక్కన పెట్టేయడానికి రాయలేదు. మీ వీధిలో కూడా ఒకామె ఉంది. పొద్దున్నే మీరు బయటికి వస్తుంటే తలుపు చాటుకు తప్పుకుంటుంది. ఆమె ఎవరో మీకు తెలుసు. రేపు మీరు మంచి పని మీద బయల్దేరండి. గడప దాటే ముందు ఆమె ఇంటికి వెళ్లి, పేరు పెట్టి పిలిచి, నాకు ఎదురు రా అని అడగండి. ఆమె వచ్చేదాకా కదలకండి.